ఆమె పక్షమా? ఈమె పక్షమా?

ఆవకాయ రోజుల్లో మా ఇంట్లో గొడవలు కొత్తేం కాదు. ఆవ తగ్గిందని ఒకరు, నూనె చాలదని ఒకరు. కానీ ఈ వేసవిలో జరిగిన గొడవ మాత్రం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మా ఆడపడుచు కూతురు సెలవలకి విశాఖపట్నం నుంచి వచ్చింది. ఇద్దరికీ చెరొక పాత గుడ్డ ఇచ్చి, మామిడి ముక్కలు తుడిచి జీడి తీయమని హాల్లో కూర్చోబెట్టాను. పది నిమిషాలయిందో లేదో, ఒకటే అరుపులు!

“అసలు ప్రేమంటే మొదటి ఆవిడదే. రెండోది ఆవిడ పోలికలతో పుట్టింది కాబట్టి అతను దగ్గరయ్యాడు, అంతే!”

“ఏం కాదు! కష్టాల్లో పక్కనున్నదెవరు? రెండో ఆమే కదా!”

ఆవాలు ఎండబెట్టిన చాట పట్టుకుని వంటింట్లోంచి వస్తున్నదాన్ని గుమ్మంలోనే ఆగిపోయాను. ఎవరింటి సంగతో ఇది అని గుండె గుబేల్మంది. ఎందుకు గుబేల్మందో తర్వాత చెబుతాను. “ఎవరి గురించర్రా?” అంటే ఇద్దరూ పకపకా నవ్వారు. “మన వాళ్ళెవరూ కాదత్తయ్యా, జపాను కథ” అంది మేనకోడలు.

సంగతేమిటంటే, జపానులో బొమ్మల కథల పుస్తకాలని ‘మాంగా’ అంటారు. మన చందమామలో కథకి ఒకటో రెండో బొమ్మలుంటే, వీటిలో కథంతా బొమ్మల్లోనే నడుస్తుంది. వీళ్ళు కొట్టుకుంటున్న కథ పేరు ‘ఇనుయాషా’. రాసిందీ బొమ్మలు గీసిందీ కూడా ఒక స్త్రీయే. పేరు రుమికో తకహాషి. ఒక వారపత్రికలో 1996లో మొదలుపెట్టి 2008 దాకా, అంటే పన్నెండేళ్ళు రాశారు. మొత్తం 558 అధ్యాయాలు, 56 సంపుటాలు! చిత్రమేమిటంటే, అది మగపిల్లల కోసం నడిచే పత్రిక. అందులో వచ్చిన ప్రేమకథ కోసం ఆడపిల్లలు దేశదేశాల్లో జుట్లు పట్టుకుంటున్నారు.

కథ క్లుప్తంగా చెబుతాను, లేకపోతే తగవు అర్థం కాదు. టోక్యోలో కగోమె అని పదిహేనేళ్ళ పిల్ల. వాళ్ళది గుడి చూసుకునే కుటుంబం. పుట్టినరోజునాడు గుడి ఆవరణలోని పాత బావిలోంచి జెర్రి రూపంలో ఉన్న ఒక భూతం వచ్చి ఆ పిల్లని లోపలికి లాక్కుపోతుంది. బయటికి వచ్చి చూస్తే ఐదువందల ఏళ్ళ కిందటి జపాను! అక్కడ ఒక చెట్టుకి బాణంతో గుచ్చబడి, నిద్రలో ఉన్నట్టు ఒక కుర్రాడు. అతనే ఇనుయాషా. తండ్రి భూతజాతి, తల్లి మనిషి. అతన్ని అలా చెట్టుకి కట్టిపడేసింది కిక్యో అనే పూజారిణి. అప్పటికి యాభై ఏళ్ళయింది, ఆవిడ చనిపోయింది కూడా. ఆ కిక్యోయే మళ్ళీ కగోమెగా పుట్టిందన్నమాట.

మరి ప్రేమించినవాణ్ణి బాణంతో ఎందుకు కొట్టింది? ఆవిడ దగ్గర కోరికలు తీర్చే మణి ఒకటి ఉండేది. దాంతో అతన్ని పూర్తి మనిషిని చేసి, తనూ ఆ కాపలా వదిలేసి మామూలు ఆడదానిలా బతకాలనుకుంది. నరాకు అనేవాడు మారువేషంలో అతనిలా వచ్చి ఆవిడని గాయపరిచాడు, ఆవిడలా వెళ్ళి అతనిమీద పడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు ద్రోహులనుకున్నారు. ఆవిడ అతన్ని చెట్టుకి గుచ్చి, తను ప్రాణాలు విడిచింది.

ఇక్కడితో అయిపోతే తగవే లేదు. కగోమె వచ్చి, ఇనుయాషాతో కలిసి ముక్కలైపోయిన మణిని వెతుకుతూ తిరుగుతుంటే, ఒక మంత్రగత్తె కిక్యో అస్థికలూ సమాధి మట్టీ కలిపి ఆవిడని మళ్ళీ లేపుతుంది. మొదటి ఆవిడ తిరిగి వచ్చింది! ఇక అతను ఎవరివాడు? ఇదే, పాతికేళ్ళు దాటినా తేలని తగవు.

మేనకోడలు కిక్యో పక్షం. “ఆవిడ చేసిన తప్పేమిటత్తయ్యా? ఎవడో మోసం చేశాడు. చచ్చిపోయింది. లేపమని ఆవిడ అడగలేదు. లేచి చూసేసరికి తన చోట్లో ఇంకో అమ్మాయి. దానికి ఆవిణ్ణే దెయ్యంలా చూస్తారేమిటి?” అంటుంది.

మా అమ్మాయి కగోమె పక్షం. “ఇటు చదువు, పరీక్షలు, అటు భూతాలతో యుద్ధం. సైకిలేసుకుని బావి దాటి మరీ సామాన్లు మోసుకెళ్తుంది. అతను కిక్యో కనబడగానే పరిగెత్తుకుపోతాడు. ఎంతకని ఓర్చుకుంటుంది?” అంటుంది.

మరి ఇనుయాషా ఎవరి పక్షం? రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడని తిట్టేవాళ్ళు కొందరు. తన కోసం ప్రాణం పోగొట్టుకున్నదాన్ని అతను మరిచిపోతే అప్పుడింకా తిట్టాలని కొందరు.

సరే, పిల్లల సరదా అనుకుని కారం కొలుచుకుంటున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ మొదలైంది. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. శని, ఆదివారాలు కలిసొస్తే ఇంటికొస్తాడు. ఆ పూట ఉన్నాడు. మా అమ్మాయి కొత్తావకాయ కలుపుకుంటూ అనేసింది: “ఎంత చెప్పు, చచ్చిపోయినావిడ చచ్చిపోయినట్టు ఉండాలి. బతికున్నవాళ్ళ మధ్యకి రావడమేమిటి?”

మా అబ్బాయి చెయ్యి ఆగింది. ఒక్క మాటా అనలేదు. మజ్జిగన్నం తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. మా వారు కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. మా అమ్మాయికి అప్పుడర్థమయింది. గోడమీది ఫొటో వంక చూసి, “అన్నయ్యా...” అంది. అతను డాబా మీదికి వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళుగా ఈ పేజీలో పప్పులూ పులుసులూ, పనిమనిషి కబుర్లూ అన్నీ రాశాను గానీ ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు. ఆ ఫొటోలో ఉన్నావిడ మా వారి మొదటి భార్య. మా అబ్బాయి ఆవిడ కన్నబిడ్డ. ఆవిడ పోయేనాటికి వాడికి రెండేళ్ళు. నేను ఈ గడపలో అడుగుపెట్టేనాటికి మూడు. ఆవిణ్ణి నేను చూడలేదు. అయినా ‘అక్కయ్య’ అనే అంటాను. ఏటా ఆబ్దికం నాడు ముత్తైదువని పిలిచి, భోజనం పెట్టి చీర పెడతాం. ఆ వంట నా చేతిమీదే జరుగుతుంది.

అందుకే ఆ పొద్దున్న గుమ్మంలో గుండె గుబేల్మంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మా అమ్మాయిని పిలిచి, “ఆ కథేదో నాకూ చూపించు” అన్నాను. పుస్తకాలు మనకి చదవడం రాదు కదా, బొమ్మల సీరియల్ చూశాను. కింద ఇంగ్లీషులో అక్షరాలు పడుతుంటాయి. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషుకి అందనివి మా అమ్మాయి చెప్పేది. వంటిల్లు సర్దుకున్నాక రాత్రిళ్ళు, కూరలు తరుగుతూ పగళ్ళు. రెండు నెలలు పైనే పట్టింది.

ఆ సీరియల్ మీద కూడా ఒక తగవుంది. 2000లో మొదలై 2004లో 167 భాగాల దగ్గర ఆగిపోయిందట. అప్పటికి పత్రికలో కథే పూర్తికాలేదు! చూసేవాళ్ళు ఐదేళ్ళు కాచుకున్నాక 2009, 10లలో మిగతా కథని 26 భాగాల్లో ముగించారు. మొదటి 36 సంపుటాలకి 167 భాగాలు, మిగిలిన 20 సంపుటాలకి 26. ముందు అసలు పుస్తకంలో లేని కథలు కల్పించి సాగదీశారని ఒక వర్గం, చివర్లో పరిగెత్తించారని ఇంకో వర్గం, సాగదీసినవే హాయిగా ఉన్నాయని మూడో వర్గం. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ 1976లో సినిమాగా వచ్చినప్పుడు నవల బాగుందా, సినిమా బాగుందా అని మా అమ్మా పిన్నీ వాదించుకున్నారట. మా అమ్మ ఇప్పటికీ పిన్నితో ఒప్పుకోదు. అది గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నాకు మాత్రం మొదట్లోని ఒక చిన్న సంగతి ముల్లులా దిగింది. ఇనుయాషా కళ్ళు తెరవగానే ఎదురుగా ఉన్న పిల్లని ‘కిక్యో’ అని పిలుస్తాడు. ఆ పిల్ల నేను కిక్యోని కాను, కగోమెనని గట్టిగా చెబుతుంది. తర్వాత ఊళ్ళోవాళ్ళు పూజారిణి బట్టలిస్తే కట్టుకుంటుంది. అతను చూడలేక అవి విప్పెయ్యమంటాడు.

నేను కాపరానికొచ్చిన కొత్తల్లో, వరలక్ష్మీ వ్రతంనాడు మా అత్తగారు బీరువాలోంచి అక్కయ్య పట్టుచీర తీసి, “కట్టుకోవే, నీకు బావుంటుంది” అన్నారు. ఆవిడ ప్రేమగానే ఇచ్చారు. కట్టుకుని కాఫీ ఇవ్వడానికి వెళ్తే మా వారు తలెత్తి చూసి, మొహం తిప్పుకున్నారు. నన్ను చూడ్డం ఇష్టంలేక కాదని ఇప్పుడు తెలుసు. ఇరవైమూడేళ్ళ పిల్లకి అప్పుడెలా తెలుస్తుంది? ఆ చీర మడతపెట్టి, మళ్ళీ ముట్టుకోలేదు.

కథలో ఒకచోట కగోమె వాళ్ళిద్దరినీ కలిసి ఉండగా చూసి, తట్టుకోలేక బావి దాటి ఇంటికొచ్చేస్తుంది. వాళ్ళ గుడిలో ఆ పాత చెట్టు ఇంకా ఉంటుంది. దాని దగ్గర నిలబడి ఆలోచించుకుంటుంది. కిక్యోతో పోటీపడి గెలవలేనని తెలుసు, ఆవిణ్ణి మరిచిపొమ్మని అతన్ని అడగలేనని తెలుసు. అయినా అతని పక్కనుండాలని ఉంది. ఆ మాటే వెళ్ళి అతనికి చెబుతుంది. మా అమ్మాయి “చూశావా, ఎంత గొప్పదో!” అంది. గొప్పతనమో కాదో గానీ, దానికెంత నిబ్బరం కావాలో నాకు తెలుసు.

చివరికి వస్తే, కిక్యో విషపు గాయంతో ఉంటుంది. ఆవిణ్ణి కాపాడగల విల్లు ఒక కొండమీద ఉంటే, తేవడానికి వెళ్ళింది కగోమెయే. అక్కడ కిక్యో రూపంలోనే ఒక మాయ ఎదురై ఆమె మనసు పరీక్షిస్తుంది. నాకు అసూయ లేదని కగోమె బొంకదు. ఉందని ఒప్పుకుంటుంది. ఒప్పుకునీ కాపాడాలనే అనుకుంటుంది. అయినా కిక్యో దక్కలేదు, ఇనుయాషా చేతుల్లోనే కన్నుమూసింది. పూజారిణిగా కాదు, తను కోరుకున్నట్టు మామూలు ఆడదానిగా. అప్పుడు కగోమె దూరంగా నిలబడి ఏడుస్తుంది. నేనూ ఏడ్చాను. కుక్కరు నాలుగు కూతలు ఎక్కువేసినా వినపడలేదు.

తర్వాత కగోమె మూడేళ్ళు తన కాలంలోనే ఉండిపోయి, స్కూలు చదువు పూర్తిచేసుకుని, బావి తెరుచుకున్నాక వెళ్ళి అతనితోనే కాపరం చేస్తుంది. గెలిచింది ఈ అమ్మాయేనని ఒక వర్గం పండగ చేసుకుంటుంది. కిక్యోని చంపేసి దారి సుగమం చేశారని రెండో వర్గం మండిపడుతుంది. ఇది చాలదన్నట్టు 2020 నుంచి 2022 దాకా వీళ్ళ పిల్లల కథని ‘యాషాహిమె’ అని 48 భాగాలు తీశారు. ముఖ్యపాత్రల రూపాలు తకహాషిగారే గీసినా కథ వేరేవాళ్ళు నడిపారు. అందులో ఇనుయాషా అన్నగారు, తాను ప్రాణం పోసి వెంట తిప్పుకున్న రిన్ అనే పసిపిల్లనే పెద్దయ్యాక పెళ్ళాడినట్టు చూపించారు. అసలు పుస్తకం చివర్లో ఆ పిల్లని ఊళ్ళో ఒక ముసలావిడ దగ్గరుంచారు, మనుషుల మధ్య పెరిగి తన దారి తనే ఎంచుకోవాలని. దాన్ని పెళ్ళిదాకా లాగినందుకు పెద్ద రభసైందట. మా ఇంట్లో ఈ ఒక్క విషయంలో ఇద్దరమ్మాయిలూ ఒకటయ్యారు. నేనూ వాళ్ళ వైపే. పెంచినవాడు పెంచినవాడిలాగే ఉండాలి.

అన్నట్టు, ఈ తకహాషిగారే 1980 నుంచి 1987 దాకా ‘మేజోన్ ఇక్కోకు’ అని ఇంకో కథ రాశారు. భూతాలూ మణులూ లేని సంసారపక్షం కథ. పెళ్ళయి ఆర్నెల్లకే భర్త పోయిన ఒకామె అద్దె ఇళ్ళ భవనం ఒకటి చూసుకుంటూ ఉంటుంది. అందులో అద్దెకున్న కుర్రాడు ఆమెని ప్రేమిస్తాడు. ఏళ్ళ తరబడి చచ్చిపోయిన భర్తతో పోటీ పడుతున్నట్టు బాధపడతాడు. చివరికి అతని సమాధి దగ్గరికి వెళ్ళి, నేను ఆమెని ఎరిగేనాటికే మీరు ఆమె మనసులో ఉన్నారు, మీతో సహా ఆమెని స్వీకరిస్తాను అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడతాడు. మా మేనకోడలు ఈ సంగతి ఫోన్లో చెబుతుంటే, స్టవ్ కట్టేసి కూర్చుని విన్నాను. ఇనుయాషా తగవుకి జవాబు ఆవిడ అంతకు ముందే రాసి పెట్టుకున్నారనిపించింది. ఆమెనా, ఈమెనా అన్న ప్రశ్న మనం వేస్తున్నాం. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వేసుకోరు.

అయితే మా ఇంట్లో నేను వేసుకున్నాను. అదే చెప్పాలి.

మా అత్తగారికి పనసపొట్టు కూరంటే ప్రాణం. నేనెలా చేసినా, “బావుందిలే గానీ, పెద్దది పెట్టిన ఆవ ఇలా ఉండేది కాదు” అనేవారు. ఒకసారి అటక దులుపుతుంటే నల్లట్ట నోటు పుస్తకం దొరికింది. అక్కయ్య దస్తూరీ. పాలవాడి లెక్కలు, పిల్లవాడి టీకాల తేదీలు, మధ్యమధ్య వంటలు. పనసపొట్టు ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, నీళ్ళు గట్టిగా పిండి, చింతపండు పులుసుతో పోపులో మగ్గించి దింపెయ్యాలి. పూర్తిగా చల్లారాకే నూరిన ఆవ కలపాలి. నేను వేడిమీదే కలిపేసేదాన్ని, అందుకే చేదెక్కేది. అలాగే చేశాను. మా అత్తగారు రెండోసారి వడ్డించుకుని, “ఇప్పుడు పట్టుబడిందే నీకు!” అన్నారు. అక్కయ్య పుస్తకం చూశానని నేను చెప్పలేదు. మా వారికీ చెప్పలేదు. ఆ ఒక్క మెచ్చుకోలైనా నాదే కావాలనిపించింది. పుస్తకం నా పెట్టె అడుగున పెట్టేశాను. ఇరవై ఏళ్ళు! తల్లి చేతిరాత చూసే హక్కు ఆ పిల్లవాడికి ఉందని నాకు తోచలేదంటే, అది నమ్మదగ్గ మాట కాదు. తోచింది. ఇవ్వలేదు.

కొండమీద ఆ పిల్ల ఒప్పుకున్నంత ధైర్యంగా నేను ఒప్పుకోలేదు.

వినాయక చవితికి మా అబ్బాయి వచ్చాడు. రాత్రి మంచినీళ్ళకి వంటింట్లోకి వస్తే, కూర్చోమని పుస్తకం చేతిలో పెట్టాను. ఎక్కడ దొరికిందో, ఎన్నాళ్ళు దాచానో, ఎందుకు దాచానో అన్నీ చెప్పాను. తల వంచుకునే చెప్పాను. వాడు టీకాల తేదీలున్న పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత అన్నాడు, “ఆ సీరియల్ నేను ఇంజనీరింగ్ హాస్టల్లోనే చూశానమ్మా. ఫ్రెండ్సందరూ ఎవరి పక్షం అని అడిగేవాళ్ళు. నేను చెప్పేవాణ్ణి కాదు.”

“ఇప్పుడు చెప్పు” అన్నాను.

“కిక్యోకి ఒక కొడుకుండి, వాణ్ణి కగోమె పెంచి ఉంటే, వాణ్ణి ఎవరైనా అలా అడుగుతారా?”

నేనేమీ అనలేకపోయాను. కాసేపటికి వాడే, “ముందే ఇచ్చి ఉంటే బావుండేదమ్మా” అన్నాడు. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు. అవునన్నాను. ఇంకేం అంటాను?

మర్నాడు పొద్దున్న అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. మా అమ్మాయి అన్నయ్యకి క్షమాపణ చెప్పిందో లేదో నేను అడగలేదు. “పెద్దమ్మ చేతిరాత ఎంత గుండ్రంగా ఉందో చూడమ్మా” అంది. పెద్దమ్మ అన్న మాట దాని నోట వినడం నాకు అదే మొదలు. మా వారు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ పక్కనే నిలబడి చూస్తున్నారు. ఆ పూట పనసపొట్టు కూర చేశాను. వడ్డిస్తూ, “ఇది అక్కయ్య లెక్క” అని పైకే చెప్పాను. మా అత్తగారు ఉండి ఉంటే ఆవిడకీ చెప్పేదాన్ని.

పిల్లల తగవు మాత్రం తెగలేదు. దసరాకి మేనకోడలు మళ్ళీ వస్తోంది. కిక్యో పక్షం వాదించడానికి కొత్త పాయింట్లు రాసుకుందట. వాదించుకోనివ్వండి, నాకూ ఇప్పుడు పాత్రలన్నీ తెలుసు. నన్ను ఎవరి పక్షమని అడిగితే మాత్రం, పొయ్యిమీద పాలున్నాయని లేచి వెళ్ళిపోదామనుకుంటున్నాను.

మీ ఇళ్ళల్లోనూ పెట్టె అడుగున ఇలాంటి పుస్తకమో, ఉత్తరమో, చీరో ఉంటే, అది ఎవరికి చేరాలో వాళ్ళకి ఈ పండగకి చేర్చండి. నాలా ఇరవై ఏళ్ళు ఆగకండి. వచ్చేవారం కలుద్దాం. అందాకా సెలవు.